వాగుకు ఇవతలి గట్టు

పోలీసు స్టేషన్ తనిఖీకి వచ్చేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఏడాదికోసారి మరిత్స్‌బర్గ్ పెద్దాఫీసు నుంచి తెల్లకారు వేసుకుని దిగుతారు. చేతిలో నలభై పేజీల ఫారం. స్టేషన్‌లో నీళ్ళు వస్తున్నాయా, లాకప్‌లో దుప్పట్లు ఉన్నాయా, వ్యాన్లు ఎన్ని, వాటిలో కదిలేవి ఎన్ని, ఆడవాళ్ళు ఫిర్యాదు చెప్పుకోవడానికి వేరే గది ఉందా అని అడుగుతూ టిక్కులు పెట్టుకుంటూ పోతారు. ఊరి తరఫున నేను పక్కన కూర్చుని చివరి పేజీలో సంతకం పెట్టాలి. మా ఊరు ఎచేనిలో పోలీసులకూ జనానికీ మధ్య ఒక కమిటీ ఉంది, దానికి నేను అధ్యక్షురాలిని. పేరు ఘనంగానే ఉంటుంది. ఉన్నవి మాత్రం పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీ కెటిల్, తెల్లారకముందే లేచి గస్తీ తిరిగే పద్దెనిమిది మంది ఆడవాళ్ళు.

ఆ గస్తీ మొదలుపెట్టింది మా ఆయన. టైర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో కూర్చోలేక, నాలుగున్నరకే పనికి బయల్దేరే ఆడవాళ్ళను పదిమందిని కలిపి ఎక్కించుకునే టాక్సీల అడ్డా దాకా దిగబెట్టి వచ్చేవాడు. నారింజరంగు జాకెట్, మెడలో విజిల్, చేతిలో కర్ర. "నీకు జీతం ఎవరిస్తారయ్యా?" అని అడిగితే, "పొద్దున్నే ఎంతమంది నన్ను పలకరిస్తారో నీకేం తెలుసు" అనేవాడు. "ఆ పలకరించేవాళ్ళంతా ఆడవాళ్ళేగా, తెలియకేం" అనేదాన్ని. నవ్వుకుంటూ బూట్ల లేసులు కట్టుకునేవాడు. ఆ ఎడమ బూటు లేసు ఎప్పుడూ సగంలోనే ఊడిపోయేది.

పద్నాలుగేళ్ళ కిందట ఆగస్టులో, మాకది చలికాలం, ఒక పొద్దున వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఎనిమిది గంటలకు వాగు అవతల ఉండే స్టేషన్ నుంచి పోలీసులు వచ్చారు. మేము దాన్ని కొండ స్టేషన్ అంటాం, మాది వాగు స్టేషన్. వంతెన కింద, అవతలి గట్టున, కత్తిపోట్లతో దొరికాడన్నారు. పొడిచిందెవరో తేలలేదు. వాళ్ళ స్టేషన్‌లో ఫైలు తెరిచారు, కొన్నాళ్ళకు మూసేశారు.

మాలో మనిషి బయట ఎక్కడో పోతే పాతిపెట్టినంత మాత్రాన ఇంటికి చేరినట్టు కాదు. ప్రాణం పోయిన చోటికి అడవి రేగు కొమ్మ పట్టుకెళ్ళాలి. పేరు పెట్టి పిలిచి, ఆత్మను కొమ్మ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి. టాక్సీలో అతనికీ సీటు కొనాలి. ఎక్కడ మలుపు తిరుగుతున్నామో, ఎక్కడ దిగుతామో అతనికి చెబుతూ రావాలి. కొమ్మ పట్టుకున్న మనిషి దారిలో ఇంకెవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే పోయినవాడు దారిలోనే దిగిపోతాడు.

అప్పుడు కొమ్మ పట్టింది పికాయిసె మామ. మా మామగారి తమ్ముడు. వంతెన దగ్గర బాగానే పిలిచాడు, టాక్సీ కూడా ఎక్కాడు. సగం దారిలో జేబులో ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ తీసి "హలో" అన్నాడు. అంతే. వెంటనే కట్టేశాడనుకోండి, కానీ ఆ హలో మేమందరం విన్నాం.

ఆ చలికాలం నుంచే మా ఆయన నాకు కలలో రావడం మొదలైంది. జాకెట్ వేసుకుని మా గేటు బయట నిలబడతాడు. లోపలికి రాడు. "గేటు తొయ్యవయ్యా, గడియ వెయ్యలేదు" అంటాను. వినపడనట్టే ఉంటాడు. నేను దగ్గరికి వెళ్ళేలోపు మెలకువ వచ్చేస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే కల. నాకు ఏం కావాలని ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు గాని, కావలసింది అదొక్కటే. అతను ఆ గేటు తోసుకుని లోపలికి రావాలి.

తప్పంతా మామదే అని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. పండుగకు మాంసం కోస్తే పెద్దవాళ్ళకిచ్చే వాటా ఆయనకు ఇవ్వడం మానేశారు. నేను టీ కూడా ఇచ్చేదాన్ని కాదు. మూడేళ్ళ కిందట పోయాడు. పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, అందరిలా పుట్టింటి పేరుతో పిలుస్తూ, "మాజోండీ, నేను హలో తప్ప ఇంకేం అనలేదే" అన్నాడు. నేను చెయ్యి విడిపించుకున్నాను.

ఈ ఏడాది తనిఖీకి కొత్తమ్మాయి వచ్చింది. మిస్ ఫకాతి. ముప్పై కూడా ఉండవు. టిక్కులు పెట్టదు, చూపించమంటుంది. పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయని అడిగితే స్టేషన్ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"స్టోర్ గదిలో ఉన్నాయి మేడమ్. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు."

"తాళం పగలగొట్టించండి. పోయిన వారం వాన పడింది కదా, పైకప్పు ఎలా ఉందో నేను చూడాలి."

"కొత్త తాళానికి మళ్ళీ పైనుంచి అనుమతి కావాలి మేడమ్."

"పగలగొట్టమన్నది నేనని రాసుకోండి. పై అంటే నేనేగా."

నాకు ఆ పిల్ల అక్కడే నచ్చింది. తాళం పగిలాక చూస్తే కప్పు కారి పుస్తకాలన్నీ చెమ్మగిల్లి ఉన్నాయి. ఎండ బాగా కాస్తోంది. ఆవరణలో లాకప్ దుప్పట్లు పరిపించి పుస్తకాలన్నీ ఆరబెట్టించింది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు, నేనూ మోశాను. అట్టల మీద సంవత్సరాలు రాసి ఉన్నాయి. మా ఆయన పోయిన సంవత్సరం నా చేతికి వచ్చినప్పుడు దాన్ని దుప్పటి మీద పెట్టలేకపోయాను. గోడవారన నిలబడి ఆగస్టు తెరిచాను.

స్టేషన్‌కు ఎవరు వచ్చినా, ఏ కబురు వచ్చినా వేళతో సహా రాసే రోజువారీ పుస్తకం అది. నీలం సిరా కాస్త చెదిరింది గాని చదవడానికి వస్తోంది. ఉదయం 5.50. వేపుడు రొట్టెలు అమ్మే ఆడమనిషి వచ్చి చెప్పింది, పాత పంపుహౌస్ పక్కన మగమనిషి పడి ఉన్నాడు, నారింజరంగు జాకెట్, మెడలో విజిల్, కదలడం లేదు. సార్జెంట్ ఎంబాంబో, ఒక కానిస్టేబుల్ వ్యాన్‌లో బయల్దేరారు. దాని కిందే ఇంకో చేతిరాత. ఉదయం 6.45. పంపుహౌస్ దగ్గర ఎవరూ లేరు. తప్పుడు సమాచారం.

కొండ స్టేషన్ వాళ్ళిచ్చిన కాగితం నాకు కంఠతా వచ్చు. 7.20, వంతెన కింద, అవతలి గట్టు. పంపుహౌస్ ఉన్నది ఇవతలి గట్టున. మా గట్టున.

అక్కడే నేల మీద కూర్చున్నాను. మొదట గుర్తొచ్చింది మా ఆయన కాదు. పికాయిసె మామ.

మిస్ ఫకాతి పరుగున వచ్చింది. పుస్తకం చూపించాను. రెండుసార్లు చదివి, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, నా పక్కనే నేల మీద కూర్చుంది.

"అమ్మా, ఆ ఏడాది హత్యలు పెరగకూడదని అన్ని స్టేషన్లకూ పైనుంచి హుకుం ఉంది. అంకె పెరిగితే పెద్దల ముందు నిలబెట్టి కడిగేసేవాళ్ళు. ఆ మనిషి ఈ గట్టున ఉంటే మీ స్టేషన్ లెక్కలో పడతాడు. అందుకని అటు చేర్చారు."

"మీ ఆఫీసు నుంచి ఆ ఏడాదీ ఎవరో ఒకరు వచ్చే ఉంటారుగా. ఏం రాసుకెళ్ళారు?"

ఆ పిల్ల తల దించుకుంది. "హత్యలు పెరగలేదని టిక్కు పెట్టుకెళ్ళి ఉంటారు."

సోమవారం మరిత్స్‌బర్గ్ వచ్చి వాంగ్మూలం ఇవ్వమంది. విచారణ తన చేతులమీదుగా వేయిస్తానంది. అప్పటిదాకా ఎంబాంబో దగ్గరికి వెళ్ళొద్దని రెండుసార్లు చెప్పింది. "ఇప్పుడే తెలిస్తే లాయర్ని పెట్టుకుని నోరు కుట్టేసుకుంటాడమ్మా. కేసుకు పరవాలేదు, పుస్తకాలు చాలు."

"కేసుకు చాలేమో తల్లీ. నాకు ఆ నోరే కావాలి."

ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పాను. పంపుహౌస్ ఎప్పుడో పడగొట్టేశారు. ఇప్పుడక్కడ రెండు వందల రేకుల ఇళ్ళు లేచాయి. ఆ కానిస్టేబుల్ చచ్చిపోయాడు. రొట్టెలమ్మే మనిషి ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మా ఆయన పడిపోయిన చోటు భూమ్మీద ఒక్కడికే తెలుసు. చోటు తెలియకుండా ఏ మూల నిలబడి పిలవను? ఆ పిల్ల కూడా మా మనిషే కదా, ఇక వద్దనలేదు. "నాకేం చెప్పొద్దమ్మా. నేను వినలేదు" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం ఎంబాంబో ఇంటికి వెళ్ళాను. రిటైరై ఆరేళ్ళయింది. పెరట్లో పాలకూరకు నీళ్ళు పెడుతున్నాడు. షుగర్ వచ్చి కాలివేళ్ళు రెండు తీసేశారట, కుంటుతున్నాడు.

"రా, మాజోండీ. ఏమిటి, గస్తీకి నన్ను కూడా తీసుకెళ్తావా?" అని నవ్వాడు.

"పంపుహౌస్ దగ్గర ఎక్కడ పడి ఉన్నాడు?"

నవ్వు పోయింది. బకెట్ కింద పెట్టాడు. "ఎవరు?"

"నీకు చాలామంది ఉన్నారా? ఎంతమందిని దాటించావేంటి?"

కోళ్ళు వచ్చి బకెట్ చుట్టూ తిరుగుతున్నాయి. చివరికి బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు.

"పంతొమ్మిది హత్యలయ్యాయి ఆ ఏడాది అప్పటికే. అంతకు ముందేడాది మొత్తం పంతొమ్మిదే. ఇరవయ్యోది పడితే తన ఉద్యోగం ఊడుతుందన్నాడు అప్పటి స్టేషన్ పెద్ద. 'వాగు అవతల మనది కాదు కదా ఎంబాంబో' అన్నాడు ఫోన్‌లో. అంతే అన్నాడు. ఇంకేం అననక్కర్లేదు కదా. వ్యాన్‌లో నా దుప్పటి ఉంది. అందులో పెట్టి రాళ్ళ మీదుగా మోశాం."

అడగకుండా ఉండలేకపోయాను. "అప్పటికి ప్రాణం ఉందా?"

"లేదు! లేదు తల్లీ. చల్లబడిపోయాడు. నా పిల్లల మీద ఒట్టు. ప్రాణం ఉంటే నేను..." అని ఆగిపోయాడు. "మీ ఆయన డెలని జుంగు నాకు తెలియనివాడా? రోజూ పొద్దున వ్యాన్ ఆపి అతని దగ్గర సిగరెట్ తీసుకునేవాణ్ణి."

నమ్మాను. నమ్మకపోతే బతకలేను కాబట్టి నమ్మానేమో, తెలియదు.

"మేము వంతెన దగ్గర పిలిచాం. రాలేదు. ఫోన్ ఎత్తినందుకు మామను పదకొండేళ్ళు ఇంట్లో కుక్కను చూసినట్టు చూశాం. అలాగే పోయాడాయన. తప్పు నీది."

ఎంబాంబో ముఖం చేతుల్లో దాచుకున్నాడు. రేపు వచ్చి చోటు చూపిస్తానన్నాడు. గేటు దాకా కుంటుకుంటూ వచ్చి, అప్పుడు మొదలుపెట్టాడు. "చూపిస్తాను, కానీ సంతకాలూ అవీ వద్దు మాజోండీ. పెన్షన్ పోతే ముగ్గురు మనవల్ని ఏం పెట్టి పెంచను?"

"ముందు చోటు చూపించు" అన్నాను. ఆ మాటకు అవునని గాని కాదని గాని చెప్పలేదు. తెలిసే చెప్పలేదు. చెప్తే రాడేమోనని భయం.

శనివారం పొద్దున్నే కొమ్మ కోయించాను. అడవి రేగుకు ఒక ముల్లు ముందుకు చూస్తుంది, ఒకటి వెనక్కి వంగి ఉంటుంది. ఆడది పట్టకూడదని మా ఆడపడుచు ఒకటే గొడవ. "పట్టాల్సిన మగాణ్ణి మనమే చంపుకున్నాం, ఇంకెవరున్నారు చెప్పు" అంటే నోరు మూసుకుంది. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను.

ఎంబాంబో మాట తప్పలేదు. పాత యూనిఫాం ప్యాంటు, పైన చొక్కా, తల మీద టోపీ. రేకుల ఇళ్ళ మధ్య సందుల్లోంచి నడుస్తూ వాగునూ, కొండనూ, దూరంగా నీళ్ళ ట్యాంకునూ చూసుకుంటూ లెక్క కట్టుకున్నాడు. ఒకచోట ఆగాడు. ఎవరిదో పెరడు. ఒకామె తీగ మీద బట్టలు ఆరేస్తోంది. రేడియోలో పాటలు.

"ఇక్కడ. తల అటు, కాళ్ళు ఇటు. ఎడమకాలి బూటు లేసు ఊడి ఉంది."

ఆ లేసు మాట వినగానే నాకు దుఃఖం ఆగలేదు. ఇక అనుమానం లేదు. ఆ ఇంటామె నా చేతిలో కొమ్మ చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. తడిబట్టలన్నీ చకచకా తీసేసుకుంది, రేడియో ఆపింది, పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది.

మాలో భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. వాళ్ళ వంశం పొగడ్త పేరుతో పిలుస్తాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకతను గ్వాబిని. కానీ ఇక్కడ పేరు పెట్టి పిలవాలి, లేకపోతే ఎవర్ని పిలిచావో తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని కొమ్మ నేలకు ఆనించాను.

"డెలని. నేను, నీ పెళ్ళాన్ని, ఖోంబిసిలేని. జుంగుల బిడ్డవి, గ్వాబినివి, నిన్నే పిలుస్తున్నా. అవతలి గట్టున పిలిచి వెళ్ళిపోయాం, నువ్విక్కడ ఉన్నావని మాకు తెలియదు. చలిలో పద్నాలుగేళ్ళు ఉంచేశాం. కోపం పెట్టుకోకు. ఇంటికి పోదాం, లే."

గాలి కూడా లేదు. కొమ్మ బరువెక్కిందని చెప్తే అబద్ధం. ఏమీ కాలేదు. నేను లేచి నడిచాను, అంతే. కానీ పక్కన కొంచెం చోటు వదిలి నడిచాను.

ఎంబాంబో వెనకాలే వస్తున్నాడు. "మాజోండీ, పై ఆఫీసుకు వెళ్తావా? చెప్పు, ఒక్క మాట." నేను నడుస్తున్నాను. "నేను చూపించాను కదా. దాచానా? చెప్పు. తలైనా ఊపు." కుంటికాలుతో వేగంగా నడవలేక ఆయాసపడుతున్నాడు. నాకు జాలి వేసింది, అదీ నిజమే. పికాయిసె మామ చెయ్యి కూడా గుర్తొచ్చింది, నేను విడిపించుకున్న చెయ్యి.

అడ్డాలో టాక్సీ సగం నిండి ఉంది. కొమ్మ చూసి డ్రైవర్ పాటలు ఆపేశాడు. కిటికీ పక్కనున్నాయన లేచి వెనక్కి వెళ్ళాడు. రెండు వేళ్ళు చూపించి ఇద్దరికీ చార్జీ ఇచ్చాను. కొమ్మను కిటికీ పక్క సీట్లో ఆనించి నేను ఇవతల కూర్చున్నాను. ఎంబాంబో వచ్చి తలుపు పట్టుకున్నాడు, ముఖమంతా చెమట.

"ఒక్క మాట, తల్లీ. ఎటో ఒకటి చెప్పి వెళ్ళు. ఇలా వదిలేసి పోకు."

అతనితో మాట్లాడకూడదు. కొమ్మ వైపు తిరిగాను.

"గ్వాబిని, తలుపు దగ్గరున్నాయన్ని గుర్తుపట్టావుగా, నీ దగ్గర సిగరెట్లు తీసుకునే ఎంబాంబో. నిన్ను వాగు దాటించింది ఈయనే. ఇవాళ చోటు చూపించిందీ ఈయనే. సోమవారం నేను మరిత్స్‌బర్గ్ వెళ్ళి రెండూ చెప్తాను. ఒకటి చెప్పి ఒకటి దాచను. నీకూ అదే ఇష్టమని నాకు తెలుసు. ఇప్పుడు ఆ గొడవ వద్దు, బండి కదులుతోంది."

టాక్సీలో ఎవరూ కదల్లేదు. ఎంబాంబో టోపీ తీశాడు. కాసేపు అలాగే నిలబడి తలుపు తనే మెల్లగా మూశాడు.

దారిపొడవునా చెబుతూనే ఉన్నాను. ఇదిగో స్కూలు, కొత్త గోడ కట్టారు. నీ ఫ్యాక్టరీ ఇప్పుడు చర్చి అయింది. హార్డ్‌వేర్ షాపు దాటాక రెండో స్తంభం దగ్గర దిగుతాం గ్వాబిని, మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకో. డ్రైవర్‌కు నేనేం చెప్పలేదు, అయినా రెండో స్తంభం దగ్గరే ఆపాడు.

మా గేటు దగ్గర ఆగాను. గేటు నేనే బార్లా తెరిచి పట్టుకున్నాను. "లోపలికి రా" అన్నాను. కొమ్మను లోపలి గదిలో, పెద్దవాళ్ళకు చెప్పుకునే చోట పెట్టి, పికాయిసె మామ పేరు కూడా తలుచుకున్నాను. ఫోన్ గురించి ఎవరూ ఇక ఏమీ అనరని చెప్పాను. తర్వాత టీ కాచి మామ కప్పు అక్కడ పెట్టాను, మూడు చెంచాల చక్కెరతో.

సోమవారం వెళ్ళాను. రెండూ చెప్పాను. మిస్ ఫకాతి రెండూ రాసుకుంది. విచారణ నడుస్తోంది, నడుస్తూనే ఉంటుంది. గస్తీ మానలేదు. తనిఖీ ఫారంలో ఇక మీద పేజీ పేజీ చదివి గాని సంతకం పెట్టను, స్టేషన్ పెద్దకు నన్ను చూస్తే తలనొప్పి.

ఆ శనివారం తర్వాత కల రాలేదు. అది మంచి గుర్తే అంటారు, ఇంటికి చేరినవాడు గేటు దగ్గర ఎందుకు నిలబడతాడని. నిజమే. నేను కోరుకున్నదీ అదే. కానీ పద్నాలుగేళ్ళు, ఎంత దూరంగానైనా, నాకు కనిపించేవాడు. ఈ చలికాలమంతా గేటుకు గడియ వెయ్యకుండానే పడుకుంటున్నాను. ఆగస్టు కూడా అయిపోయింది. ఇంకా రాలేదు.